మీకు తెలుసా? పీపాల లెక్క, ఓడల ఇంటిగ్రేషన్, వంతెన మీది వెక్టర్లు

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. 30 సెం.మీ. వెడల్పు, 80 సెం.మీ. పొడవు ఉన్న రేకు. నాలుగు మూలల్లో ఒకే కొలత చదరాలు కత్తిరించి అంచులు పైకి మడిస్తే మూతలేని పెట్టె తయారవుతుంది. ఎంత చదరం కత్తిరిస్తే పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ పడుతుంది? అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే రెండు విలువలు వస్తాయి: 30, 20/3. ముప్పై కుదరదు, రేకు వెడల్పే ముప్పై కదా. కాబట్టి 20/3. రెండో అవకలజం రుణాత్మకమని చూపించి, జవాబు చుట్టూ గడి గీసి, ఏడు మార్కులు ఖాయం చేసుకుని పేజీ తిప్పేస్తాం.

ఆ లెక్కలో అసలు విశేషం జవాబు వచ్చాక మొదలవుతుంది. 1 సెం.మీ. చదరం కత్తిరిస్తే పెట్టె ఘనపరిమాణం 2184 ఘనపు సెంటీమీటర్లు. 2 సెం.మీ. కత్తిరిస్తే 3952. ఒక్క సెంటీమీటరుకే 1768 పెరిగింది. ఇప్పుడు శిఖరం దగ్గరికి రండి. 6 సెం.మీ. అయితే 7344, 7 సెం.మీ. అయితే 7392. గరిష్ఠ విలువ 7407 చిల్లర. అంటే 20/3 బదులు ఏకంగా 7 కత్తిరించినా పోయేది పదిహేను ఘనపు సెంటీమీటర్లే! అవకలజం సున్నా అవుతుందన్న మాటకు చేతికందే అర్థం ఇది. గరిష్ఠం దగ్గర వక్రం చదునుగా ఉంటుంది, కత్తెర కాస్త పక్కకు పోయినా పెట్టెకు నష్టం ఉండదు.

పెళ్లిలో పుట్టిన లెక్క

ఈ సంగతిని న్యూటన్ పుట్టకముందే పట్టుకున్నవాడు కెప్లర్. గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాలని చెప్పిన ఆ కెప్లరే. 1613లో, ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో ఉంటున్న రోజుల్లో, ఆయన రెండో పెళ్లి చేసుకున్నాడు. ఇంటికి ద్రాక్షసారా పీపాలు తెప్పించాడు. వర్తకుడు వచ్చి, పీపా నడుమ ఉన్న బెజ్జంలోంచి ఒక కొలబద్దను ఏటవాలుగా, చివరి బిళ్ల అడుగు మూల తగిలేదాకా దించాడు. బద్ద ఎంత దిగితే అంత ధర. ఏ పీపాకైనా అదే బద్ద, అదే పద్ధతి.

కెప్లర్‌కు మనసొప్పలేదు. సన్నగా పొడుగ్గా ఉన్న పీపాలోనూ బద్ద అంతే దిగవచ్చు, సారా మాత్రం తక్కువ పడుతుంది. అలాంటప్పుడు ధర ఒకటే ఎలా అవుతుంది? కూర్చుని లెక్కలు కట్టాడు. ఆ లెక్కలు పెరిగి పెరిగి 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఒక పుస్తకమే అచ్చయింది. పీపాను మామూలు స్తూపంగా అనుకుని, బద్ద దిగే పొడవును మార్చకుండా ఉంచితే, పీపా పొడవు దాని వ్యాసానికి √2 రెట్లు ఉన్నప్పుడు అందులో ఎక్కువ పడుతుంది. ఆస్ట్రియా పీపాలు దాదాపు ఆ కొలతల్లోనే ఉన్నాయని ఆయన గమనించాడు. శిఖరం దగ్గర తేడాలు బొత్తిగా కనిపించవు కాబట్టి, పీపాలు చేసేవాళ్ల చేతిలో కాస్త హెచ్చుతగ్గులున్నా ఆ బద్ద లెక్క పెద్దగా తప్పదు. అనుమానంతో మొదలుపెట్టిన మనిషి వర్తకుడి పద్ధతి సరైనదేనని తేల్చాడు. గోళంలో ఇమిడే గరిష్ఠ ఘనపరిమాణపు స్తూపం లెక్క మీరు చేసి ఉంటే, కెప్లర్ పీపా లెక్కను కొద్ది మార్పులతో చేసినట్టే.

సెకెంట్ ఎక్స్ ఎక్కడి నుంచి వచ్చింది?

సెకెంట్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే ఎంత? లాగ్ సెకెంట్ ఎక్స్ ప్లస్ టాన్ ఎక్స్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు పిల్లలు. ఎలా వచ్చిందంటే, పైనా కిందా సెకెంట్ ప్లస్ టాన్‌తో గుణించాలి అంటారు. అలా గుణించాలని మొదట ఎవరికి తోచింది, ఎందుకు తోచింది? చదువుకునే రోజుల్లో నన్ను చాలాకాలం వేధించిన స్టెప్పు ఇది. జవాబు తెలిసినవాడు వెనక్కి నడిచి కట్టిన మెట్టు అది. ఈ సమాకలనాన్ని మొదట కోరుకున్నవాళ్లు ఓడలు నడిపేవాళ్లు.

1569లో మెర్కేటర్ గీసిన ప్రపంచ పటంలో ఒక సుగుణం ఉంది. దిక్సూచి ముల్లు చూపే ఒకే దిశలో ఓడ సాగిపోతే, పటం మీద ఆ దారి సరళరేఖగా పడుతుంది. దీనికోసం ఒక ధర చెల్లించాలి. భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ అక్షాంశ వృత్తాలు చిన్నవవుతాయి, పటంలో మాత్రం అన్నిటినీ ఒకే పొడవుకు సాగదీస్తారు. తూర్పు పడమరలుగా ఎంత సాగదీశారో ఉత్తర దక్షిణాలుగానూ అంతే సాగదీయాలి, లేకపోతే దిశలు తప్పుతాయి. ఎంత సాగదీయాలి? ఆ అక్షాంశపు సెకెంట్ రెట్లు. విశాఖపట్నం దగ్గర ఇది సుమారు 1.05 రెట్లు. 60 డిగ్రీల దగ్గర సరిగ్గా రెండు రెట్లు. ధ్రువం దగ్గర అంతే లేదు. ఆ పటంలో గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎంతో పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే. నిజానికి మన దేశమే గ్రీన్‌లాండ్‌కు ఒకటిన్నర రెట్లు.

భూమధ్యరేఖ నుంచి ఒక అక్షాంశం దాకా పటం మీద ఎంత ఎత్తు రావాలో తెలియాలంటే, దారి పొడుగునా ఉన్న సెకెంట్లన్నీ కూడాలి. ఆ కూడికే మన సమాకలనం. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ రైట్ ఈ సెకెంట్లను చిన్న చిన్న మెట్లలో చేత్తో కూడి, 1599లో పట్టిక అచ్చువేశాడు. 1640లలో హెన్రీ బాండ్ అనే నౌకాయాన ఉపాధ్యాయుడు ఆ పట్టికను లాగరిథమ్ పట్టిక పక్కన పెట్టుకుని చూశాడు. అంకెలు సరిపోయాయి! 45 డిగ్రీలకు సగం అక్షాంశం కలిపి, దాని టాన్‌కు లాగ్ తీస్తే రైట్ పట్టికే వస్తోంది. జవాబు దొరికింది, ఎందుకో తెలియదు. ఆ ఎందుకును 1668లో జేమ్స్ గ్రెగరీ నిరూపించాడు. 1670లో న్యూటన్ గురుస్థానీయుడు ఐజాక్ బారో తేలిక దారి చూపాడు. సెకెంట్‌ను కాస్ బై ఒకటి మైనస్ సైన్ వర్గంగా రాసి, పాక్షిక భిన్నాలుగా విడగొట్టాడు. క్లాసులో చెప్పే ఉపాయం కన్నా బారో దారిని నేను ఇష్టపడతాను. అందులో ఏ స్టెప్పూ ఆకాశంలోంచి ఊడిపడదు.

గీత పొడవైన ఎస్

సమాకలనం గుర్తు నిజానికి సాగదీసిన ఎస్ అక్షరం. మొత్తం అనే అర్థమున్న లాటిన్ మాట సుమ్మాకు మొదటి అక్షరం అది. లైబ్నిట్జ్ దాన్ని తన కాగితాల మీద మొదటిసారి రాసిన తేదీ కూడా మనకు తెలుసు: 1675 అక్టోబర్ 29. సమానం గుర్తు ఇంకా పాతది, 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వైద్యుడి పుస్తకంలో మొదట వచ్చింది.

డబ్బుకు అమ్ముడైన నియమం

సున్నా బై సున్నా రూపంలో అవధి వస్తే పిల్లలు వెంటనే ఎల్ హాస్పిటల్ రూల్ అంటారు. ఆ పేరు ఫ్రాన్స్‌కు చెందిన మార్క్వీ దొరది, పలకడం లోపిటాల్ అని. 1696లో కలన గణితానికి తొలి పాఠ్యపుస్తకం అచ్చువేసింది ఆయనే. నియమం మాత్రం యోహాన్ బెర్నూలీది. ఏటా 300 లివ్రలు ఇస్తాను, నువ్వు కనిపెట్టినవి నాకు రాసి పంపు, ఇంకెవరికీ చెప్పకు అని 1694లో ఆయన బెర్నూలీకి ఉత్తరం రాశాడు. దొర 1704లో పోయాక బెర్నూలీ అది నాదని చెప్పుకుంటే చాలామంది నమ్మలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పాత పాఠాల రాతప్రతి, ఆ ఉత్తరాలు బయటపడ్డాకే ఆయన మాట నిలబడింది. పేరు మాత్రం ఇప్పటికీ మారలేదు.

బ్రెజిల్‌లో భాస్కరుడు

వర్గ సమీకరణం మూలాల సూత్రాన్ని బ్రెజిల్ బడుల్లో ఏమంటారో తెలుసా? భాస్కర సూత్రం. 1150లో లీలావతి, బీజగణితం భాగాలుగా సిద్ధాంత శిరోమణి రాసిన మన భాస్కరాచార్యుడే. ఆయన మాత్రం ఈ పద్ధతిని తనకన్నా ముందువాడైన శ్రీధరుడి పేరుతోనే చెప్పాడు.

శ్రీధరుడి పద్ధతి మన పుస్తకాల్లోని వర్గం పూర్తిచేసే పద్ధతి కన్నా శుభ్రంగా ఉంటుంది. మనం మొదటే ఎక్స్ వర్గం గుణకంతో భాగించి భిన్నాల్లో చిక్కుకుంటాం. ఆయన భాగించడు, ఆ గుణకానికి నాలుగు రెట్లతో గుణించమంటాడు. 3 ఎక్స్ వర్గం + 5 ఎక్స్ = 2 అనుకోండి. 12తో గుణిస్తే 36 ఎక్స్ వర్గం + 60 ఎక్స్ = 24. రెండు వైపులా 5 వర్గం, అంటే 25 కలపండి. ఎడమవైపు (6 ఎక్స్ + 5) వర్గం, కుడివైపు 49. కాబట్టి 6 ఎక్స్ + 5 విలువ 7 గానీ, మైనస్ 7 గానీ. ఎక్స్ 1/3 లేదా మైనస్ 2. చిట్టచివరి మెట్టు దాకా భిన్నం ముఖమే కనిపించలేదు. పదో తరగతి పిల్లలకు ఈ దారి కూడా చూపించమని లెక్కల మాస్టార్లను కోరుతున్నాను.

కుడివైపు రుణ సంఖ్య వస్తే? రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదని తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో స్పష్టంగా రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినది ఈ మహావీరుడి గణితాన్నే. తెలుగు సాహిత్యం కళ్లు తెరుస్తున్న రోజుల్లోనే మన భాషలో లెక్కల పుస్తకం ఉందన్నమాట.

మహావీరుడు మూసిన ఆ తలుపును ఇటలీవాళ్లు తెరిచారు, అదీ ఘన సమీకరణాల కోసం. ఎక్స్ ఘనం = 15 ఎక్స్ + 4 తీసుకోండి. 4 దీనికి మూలమని చూడగానే తెలుస్తుంది: 64 = 60 + 4. ఘన సమీకరణాల మూలాలిచ్చే కార్డానో సూత్రంలో వేస్తే మాత్రం మైనస్ 121కి వర్గమూలం అడుగుతుంది! 1572లో అచ్చయిన తన పుస్తకంలో బొంబెల్లి భయపడకుండా ముందుకు నడిచాడు. మైనస్ 1 వర్గమూలాన్ని ఐ అంటే, 2 + 11 ఐకి ఘనమూలం 2 + ఐ. 2 − 11 ఐకి ఘనమూలం 2 − ఐ. రెండూ కూడితే ఐ పోయి 4 మిగులుతుంది. ఇంటర్ 2ఎ పేపర్లో ఉన్న సంకీర్ణ సంఖ్యల అధ్యాయం, లేని మూలాల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది కళ్లెదుట ఉన్న 4ను చేరుకోవడానికి.

రెండు ముక్కలైన గుణకారం

వెక్టర్లలో ఐ, జె, కె అనే అక్షరాలే ఎందుకు? డాట్, క్రాస్ అని రెండు గుణకారాలెందుకు? 1ఎ పుస్తకం తెరిచిన ప్రతి పిల్లా, పిల్లాడూ అడగాల్సిన ప్రశ్నలివి.

ఐర్లండ్‌లో హామిల్టన్ అనే మహా గణితవేత్త ఉండేవాడు. సంకీర్ణ సంఖ్యలతో సమతలంలో బిందువులను గుణించవచ్చు కదా, అలాగే త్రిపరిమాణంలోనూ గుణించాలని ఆయన పట్టుదల. మూడేసి సంఖ్యల జట్లను కూడటం, తీసివేయడం వచ్చింది, గుణించడం రాలేదు. పొద్దున్నే ఫలహారానికి దిగివస్తే కొడుకులు కూడా, నాన్నా గుణకారం వచ్చిందా అని అడిగేవారట. లేదని తల ఊపేవాడినని తర్వాత కొడుకుకు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు.

1843 అక్టోబర్ 16. భార్యతో కలిసి డబ్లిన్‌లో రాయల్ కాలువ గట్టున నడుస్తున్నాడు. బ్రూమ్ వంతెన దగ్గర మెరుపు మెరిసింది: మూడు చాలవు, నాలుగు కావాలి. జేబులోంచి చాకు తీసి వంతెన రాతి మీద సూత్రం చెక్కాడు. ఐ వర్గం, జె వర్గం, కె వర్గం, ఐ జె కె లబ్ధం, అన్నీ మైనస్ ఒకటి. ఆ చెక్కుడు చెరిగిపోయింది. ఇప్పుడక్కడ ఒక శిలాఫలకం ఉంది. వెక్టర్, స్కేలార్ అనే పేర్లను గణితంలో స్థిరపరచింది కూడా ఆయనే. మనం సదిశ, అదిశ అంటున్నాం.

1, 2, 3 అంశాలున్న సదిశను 4, 5, 6 అంశాలున్న సదిశతో హామిల్టన్ పద్ధతిలో గుణిస్తే మొత్తం ఒకేసారి వస్తుంది: మైనస్ 32, దానితోపాటు −3 ఐ + 6 జె − 3 కె. ఆ 32 మన డాట్ లబ్ధం. పక్కనున్నది మన క్రాస్ లబ్ధం. పుట్టినప్పుడు రెండూ ఒకే గుణకారం! అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు గిబ్స్, ఇంగ్లండ్‌లో బడి చదువు పదహారేళ్లకే ఆపేసిన టెలిగ్రాఫ్ ఉద్యోగి హెవిసైడ్, ఎవరి దారిన వాళ్లు దీన్ని రెండుగా విడగొట్టారు. విద్యుదయస్కాంతానికి ఆ ముక్కలు విడివిడిగా కావాల్సి వచ్చాయి. మైనస్ గుర్తునూ వదిలేశారు. అందుకే హామిల్టన్‌కు ఐ వర్గం మైనస్ ఒకటైతే, మన ఐ డాట్ ఐ ప్లస్ ఒకటి. ఐ క్రాస్ జె కె అయితే జె క్రాస్ ఐ మైనస్ కె ఎందుకవుతుందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు, ఆ క్రమం ఆ వంతెన మీదే నిర్ణయమైపోయింది. రెండు సదిశలకూ లంబంగా ఉంటూ, వాటి సమాంతర చతుర్భుజపు వైశాల్యమంత పొడవుండే క్రాస్ లబ్ధం మూడు పరిమాణాల్లో, ఏడు పరిమాణాల్లో తప్ప ఇంకెక్కడా సాధ్యం కాదు.

అదే వెక్టర్లు, మన సి.ఆర్. రావు

కాస్ విలువ ఒకటి దాటదు. కాబట్టి రెండు సదిశల డాట్ లబ్ధం వాటి పొడవుల లబ్ధాన్ని దాటదు. ఒక్క వాక్యంలో అయిపోయే ఈ అసమానతను రెండు మార్కుల ప్రశ్నగా చూసి వదిలేస్తాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు, పాతికేళ్ల వయసులో, 1945లో అచ్చువేసిన వ్యాసంలో ఒక హద్దు నిరూపించాడు. చేతిలో ఉన్న దత్తాంశంతో తెలియని విలువను పక్షపాతం లేకుండా అంచనా కట్టేటప్పుడు, ఎంత తెలివైన పద్ధతి వాడినా విస్తృతి ఇంతకన్నా తగ్గదు అని. దాన్నే క్రేమర్–రావు అసమానత అంటారు. నిరూపణకు వెన్నెముక ఆ డాట్ లబ్ధపు అసమానతే. బాణాల స్థానంలో యాదృచ్ఛిక చలరాశులు వచ్చాయి, అంతే తేడా. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

గాస్ పక్కన ఉన్న జోర్డాన్ ఎవరు?

మాత్రికల్లో గాస్–జోర్డాన్ పద్ధతి చేస్తాం. ఆ జోర్డాన్ ప్రసిద్ధుడైన ఫ్రెంచి గణితవేత్త కమీ జోర్డాన్ కాదు, భూమి కొలతల పని చేసిన జర్మన్ విల్హెల్మ్ జోర్డాన్. గాస్, జోర్డాన్ ఇద్దరికన్నా ముందు, రెండు వేల ఏళ్ల కిందటి చైనా గ్రంథంలో లెక్కపుల్లలను వరసలుగా పేర్చి ఇదే పని చేశారు.

పది పదాలు, ఒక దిద్దుబాటు

ఒకటి మైనస్ 1/3 ప్లస్ 1/5 మైనస్ 1/7… ఇలా పోతే పైలో నాలుగో వంతు వస్తుంది. లైబ్నిట్జ్ పేరుతో చెప్పుకునే ఈ శ్రేణిని ఆయనకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడు కనుక్కున్నాడు. నిరూపణను పదహారో శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాషలో మలయాళ వచనంలో వివరించాడు, సంస్కృతంలో కాదు.

శ్రేణి అందంగా ఉంటుంది గానీ నత్తనడక. పది పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.0418 వస్తుంది, రెండో అంకెకే తప్పు. మాధవుడి సంప్రదాయం అక్కడ ఆగలేదు. ఎన్ని పదాలు కూడారో ఆ సంఖ్యను, దాని వర్గానికి నాలుగు రెట్లకు ఒకటి కలిపిన మొత్తంతో భాగించి చేర్చమన్నారు. పది పదాలకు అది 10/401. దాన్ని కూడా నాలుగుతో గుణించి కలపండి: 3.14159. కాగితం మీద పది నిమిషాల పని. శ్రేణి కన్నా ఈ దిద్దుబాటే గొప్పదని నా అభిప్రాయం. శేషం ఎలా ఉంటుందో తెలిసినవాడికి తప్ప అది తోచదు.

పై విలువ 22/7 అని రాసినవాళ్లకు

2010 ఐఐటీ ప్రవేశ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఎక్స్ నాలుగో ఘాతాన్ని (1 − ఎక్స్) నాలుగో ఘాతంతో గుణించి, (1 + ఎక్స్ వర్గం)తో భాగించి, 0 నుంచి 1 దాకా సమాకలనం చేయాలి. ఉపాయాలేమీ అక్కర్లేదు, ఓపికగా దీర్ఘ భాగహారం చేయండి. భాగఫలంలో ఎక్స్ ఘాతాలు 6, 5, 4, 2, ఆపైన స్థిర సంఖ్య ఉంటాయి. వాటి గుణకాలు వరసగా 1, −4, 5, −4, 4. శేషం −4. పదం పదంగా సమాకలనం చేస్తే 1/7 − 2/3 + 1 − 4/3 + 4, చివర శేషం నుంచి మైనస్ పై. మొత్తం 22/7 మైనస్ పై.

0కీ 1కీ మధ్య ఆ ప్రమేయం ఎక్కడా రుణాత్మకం కాదు. కాబట్టి దాని కింది వైశాల్యం సున్నాకన్నా ఎక్కువే. చిన్న తరగతుల్లో పై స్థానంలో మనం రాసిన 22/7, అసలు పై కన్నా 0.00126 పెద్దది.